ఓబులేసు – పిలుపులో వెలసిన స్వామి



తాతల తరము వరకు రాయలసీమ పల్లెలలో ఇంటింటా వినిపించిన ‘ఓబులేసు’ అను పేరు నేడు పసిబిడ్డలకు అరుదైపోయినది. మోటుపేరని కొందరు సంకోచించుచున్నారు. దాని మూలము నెరిగినచో ఆ సంకోచము నిలువదు.

నంద్యాల జిల్లాలోని అహోబిలము నవనారసింహ క్షేత్రము. నూటయెనిమిది దివ్యదేశములలో నొకటి. హిరణ్యకశిపుని సంహరించిన స్వామి పరాక్రమమును గాంచి దేవతలు ‘అహో బలమ్’ అని కీర్తించిరని ఐతిహ్యము. స్వామి వెలసిన గుహను బట్టి ‘అహో బిలమ్’ అనియు చెప్పుదురు. అహోబళము జనుల నోట ఔబళమై, ఓబుళమైనది. దానికి ‘ఈశ’ శబ్దము చేరగా ఓబులేసు. ఓబయ్య, ఓబన్న, ఓబులరెడ్డి, ఓబులమ్మ – అన్నియు ఆ స్వామి నామములే.

14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రెగ్గడ తన నృసింహపురాణమును అహోబల నృసింహునకే అంకితమొనర్చెను. విజయనగర కాలమున రాజవంశీయులు ఔబళరాజను పేరు ధరించిరి. 1846-47లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆంగ్లేయులపై తిరుగబడినప్పుడు ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు వడ్డె ఓబన్న. గమనింపుడు: ఇరువురి పేర్లును ఒకే స్వామివి! రాజునకు, రెడ్డికి, రాళ్లు కొట్టి బ్రదుకు కులమువానికి ఈ నామము సమానముగా దక్కినది.

కుమారునికి నారాయణుడని పేరిడి, అంత్యకాలమున వానిని పిలిచి అజామిళుడు తరించెనని భాగవతము చెప్పుచున్నది. బిడ్డకు స్వామి పేరిడుటలోని అంతరార్థమిదియే. కావున మీ యింట ఓబులేసు ఉన్నచో ఆ పేరు కురచచేయక నిండుగా పిలువుడు. నామకరణ శుభవేళ ఈ పేరును ఒక్కసారి తలంపుడు.

శుభం భూయాత్.