నీళ్లు బిగించిన నడుము

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఒళ్లు వంగని మనుషులను చూసి, దోషం బావినీటిలోని ఫ్లోరైడ్‌దని తేల్చారు.

త్రికాస్థి నుంచి, కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక దాకా బలమైన లిగమెంట్లు ఉంటాయి. కటిని కట్టి నిలిపేవి ఇవే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ చేరితే వాటిలో సున్నం పేరుకుంటుంది. ఎక్స్‌రేలో తెల్లగా బయటపడతాయి. తుంటి, వెన్ను బిగుసుకున్న మనిషికి బాసింపట్టు వేయడమే గగనం. పంక్తి భోజనాల దేశంలో అది చిన్న కష్టమా?

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ జబ్బు (ఫ్లోరోసిస్) ఉన్న ప్రాంతంలో లోపలికి వంగిన మోకాళ్లను వర్ణించారు.

నల్గొండ పేరు ఫ్లోరైడ్ తీసే ఒక నీటిశుద్ధి పద్ధతికి ఎక్కింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడమే నాగపూర్ నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతి. చవకే గానీ, అడుగున మిగిలే మడ్డిని పారబోయడం మరో తలనొప్పి.