అండాశయ క్యాన్సర్, సహవ్యాధులు, మనుగడ: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

అండాశయ క్యాన్సర్ వచ్చిన స్త్రీ మనుగడ కేవలం కణితి దశపై ఆధారపడదు. అప్పటికే ఆమెకున్న మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి, రక్తహీనత వంటివీ దానిని ప్రభావితం చేస్తాయి. ఈ అవగాహన వైద్యచరిత్రలో ఎలా రూపొందింది, పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన మూడు జిల్లాల స్త్రీలకు అది ఎంతవరకు అందివచ్చింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

భావన పరిణామం

ప్రధాన వ్యాధితోపాటు రోగిలో ఉండే ఇతర వ్యాధులకు 1970లో అమెరికా వైద్యుడు ఆల్వన్ ఫైన్‌స్టైన్ ‘సహవ్యాధి’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. వాటిని లెక్కలోకి తీసుకోకపోతే చికిత్సాఫలితాల పోలిక తప్పుదారి పడుతుందన్నది ఆయన వాదన. 1987లో మేరీ చార్ల్‌సన్ బృందం 19 రుగ్మతలకు తీవ్రతను బట్టి అంకెలు కేటాయించి ఒక సూచికను రూపొందించింది. ఆ సూచిక ఆధారంగా డెన్మార్క్‌లో జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. అండాశయ క్యాన్సర్‌లో వ్యాధి దశ ప్రభావమే ఎక్కువైనా, సహవ్యాధులకూ స్వతంత్ర ప్రభావం ఉందని అది తేల్చింది. అక్కడ ప్రతి పౌరుని ఆసుపత్రి, మరణ వివరాలు ఒకే గుర్తింపు సంఖ్యతో ముడిపడి ఉండటమే ఇటువంటి పరిశోధనకు ఆధారం.

చికిత్సపై ప్రభావం

1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు హాని చేయగలదు. 1989లో వచ్చిన కాల్వర్ట్ సూత్రం కార్బోప్లాటిన్ మోతాదును మూత్రపిండాల వడపోత సామర్థ్యాన్ని బట్టి నిర్ణయించింది. 1992లో ఈ వ్యాధికి అనుమతి పొందిన పాక్లిటాక్సెల్, మధుమేహం వల్ల అప్పటికే దెబ్బతిన్న నరాలను మరింత బాధిస్తుంది. శస్త్రచికిత్స తరువాత మిగిలే కణితి పరిమాణం మనుగడను నిర్ణయిస్తుందని 1975లో గ్రిఫిత్స్ చూపాడు. అయితే అంత పెద్ద శస్త్రచికిత్సను బలహీనమైన గుండె తట్టుకోలేకపోవచ్చు. కాబట్టి సహవ్యాధి రెండు విధాలుగా పనిచేస్తుంది: స్వయంగా ప్రాణహాని కలిగించడం, పూర్తి చికిత్స అందకుండా చేయడం. మొదటిదానికంటే రెండవదానిని సరిదిద్దే అవకాశం ఎక్కువ.

ఉమ్మడి వరంగల్ పరిస్థితి

ఈ ప్రాంత రోగులకు దీర్ఘకాలంగా వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, ఆపైన 1955లో హైదరాబాదులో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ సంస్థ దిక్కయ్యాయి. జనగామ, మహబూబాబాద్‌లకు రైలు సౌకర్యం ఉంది. సింగరేణి గనుల పట్టణమైన భూపాలపల్లి వాసులకు రోడ్డే మార్గం. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును చాలావరకు తగ్గించింది, దూరాన్ని తగ్గించలేదు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

రోగనిర్ధారణలో మరొక చిక్కు క్షయ. ఉదరక్షయలోనూ కడుపులో నీరు చేరుతుంది; 1981లో బాస్ట్ బృందం గుర్తించిన సీఏ-125 అందులోనూ పెరుగుతుంది. కణజాల పరీక్ష లేనిదే రెండింటినీ వేరుచేయడం కష్టం.

2017లో మొదలైన జాతీయ పరీక్షా కార్యక్రమం 30 ఏళ్లు దాటినవారిలో మధుమేహం, రక్తపోటు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను వెదుకుతుంది. అండాశయ క్యాన్సర్ అందులో లేదు. రెండు లక్షల మందికి పైగా స్త్రీలపై బ్రిటన్‌లో జరిగిన పరీక్ష, ముందస్తు గాలింపు మరణాలను తగ్గించలేదని 2021లో తేల్చింది. అందువల్ల బీపీ, షుగర్ మాత్రలకు క్రమంగా వచ్చే స్త్రీ చెప్పే కడుపుబ్బరం, ఆకలి మందగించడం వంటి లక్షణాలను వినడం కీలకమవుతుంది. వాటిని ‘గ్యాస్’ అని కొట్టివేస్తే, సహవ్యాధి కల్పించిన అవకాశమే జారిపోతుంది.

నమోదు సమస్య

జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 1981లో ఆరంభమైంది. హైదరాబాద్ జిల్లా జనాభా ఆధారిత నమోదు 2014లో మొదలైంది. ఇటువంటి నమోదుకు నివాసమే ప్రమాణం. కనుక భూపాలపల్లి స్త్రీ హైదరాబాదులో చికిత్స పొందినా ఆ జిల్లా లెక్కలోకి రాదు. జిల్లా కేంద్రంలోని మధుమేహపు చీటీ, రాజధానిలోని కీమోథెరపీ పత్రం ఒకే స్త్రీవైనా కలుసుకోవు.

ముగింపు

సహవ్యాధుల చరిత్ర ప్రధానంగా నమోదుల చరిత్ర. రాసిపెట్టిన చోట వాటి ప్రభావం కనిపించింది. కనిపించిన చోట మోతాదును సరిచూసుకోవడం, శస్త్రచికిత్సకు ముందు రక్తహీనతను, మధుమేహాన్ని అదుపుచేయడం సాధ్యమైంది. మూడు జిల్లాల్లోని కొత్త వైద్య కళాశాలలు ప్రతి రోగి పత్రంలో సహవ్యాధులను, మోతాదు తగ్గింపునకు కారణాన్ని నమోదు చేస్తే, ఏ మరణం క్యాన్సర్‌ది, ఏది నివారింపదగిన లోపానిది అన్న విచారణకు స్థానిక ఆధారం ఏర్పడుతుంది.