కుట్టు వెయ్యడానికి అయిదు రోజులు ఎందుకాగాలి?

అపెండిక్స్ పగిలి అర్ధరాత్రి ఆపరేషనైన మనిషికి లోపలి పొరలన్నీ కుట్టేసి, పైన చర్మం మాత్రం తెరిచి వదిలేశారని తెలిస్తే ఇంట్లోవాళ్ళు బెంబేలెత్తిపోతారు. మర్చిపోయి కాదండీ. నాలుగైదు రోజులు కట్టు మారుస్తూ, చీము లేదని చూసుకుని అప్పుడు కుడతారు. ఈ పద్ధతి ఎక్కడిదా అని తవ్వుకుంటూ పోతే మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో తేలాను.

బోయర్ యుద్ధం (1899-1902)లో దక్షిణాఫ్రికా పొడినేల మీద తగిలిన తుపాకీ గుండు గాయాల్ని పెద్దగా కెలక్కుండా కట్టు కడితే చాలావరకు మానిపోయేవి. బ్రిటిష్ సర్జన్లు 1914లో అదే అలవాటుతో ఫ్రాన్సు, బెల్జియం వెళ్ళారు. అక్కడివేమో తరతరాలుగా పశువుల ఎరువు తోలిన పొలాలు. షెల్లు ముక్కతో పాటు ఆ మట్టీ, బట్ట పీలికలూ కండలోకి దూరేవి. పైన కుట్టేస్తే, లోపల గాలి ఆడని చోట గ్యాస్ గాంగ్రీన్ క్రిములకి పండగే పండగ. (టెస్ట్ సర్వర్లో బాగానే నడిచిందని ప్రొడక్షన్లో పెట్టేసిన వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.)

బెల్జియం తీరాన లా పాన్ అనే ఊళ్ళో ఒక హోటల్ని ఆసుపత్రిగా మార్చి నడిపిన ఆంట్వాన్ దెపాజ్ నాకు భలే నచ్చాడు. చచ్చిన కండని కోసి తీసేసి, గాయాన్ని తెరిచే ఉంచి, అందులోంచి తీసిన నమూనాని మైక్రోస్కోపు కింద పెట్టి క్రిముల్ని లెక్కపెట్టించేవాడు. లెక్క తగ్గాకే కుట్టు. ఆయన భార్య మారీ అమెరికాలో విరాళాలు పోగుచేసి తిరిగొస్తూ 1915లో లూసిటానియా ఓడ మునకలో చనిపోయింది. ఆసుపత్రి మాత్రం నడుస్తూనే ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలోనూ ఇదే పద్ధతి: ముందు ఆసుపత్రిలో శుభ్రం చెయ్యడం, వెనక ఆసుపత్రిలో కొన్ని రోజులాగి కుట్టడం. ఆ వ్యవధిలో గాయంలో కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి, క్రిముల్ని తట్టుకునే శక్తి వస్తుంది. పేగు చిల్లిపడి మలం కలిసిన పొట్ట ఆపరేషన్లకీ ఇదే వాడారు. తర్కం సబబుగానే ఉంది కదా? చర్మం కింది కొవ్వుకి రక్తసరఫరా తక్కువ, చీము పట్టేది ముందు అక్కడే. కాకపోతే దెపాజ్ లెక్కపెట్టింది క్రిముల్ని. వార్డుల్లో మిగిలింది రోజుల లెక్క.

మరి పరీక్షించి చూశారా అంటే, చూశారు గానీ చాలా ఆలస్యంగా. 2013లో జామా సర్జరీ పత్రికలో 8 ట్రయల్స్, 623 మంది రోగుల లెక్కలు కలిపి చూశారు. అన్ని ట్రయల్సూ ఒకే ఫలితాన్ని కొలుస్తున్నాయనుకుంటే ఆగి కుట్టడం మేలనిపించింది. ఒక్కో చోట పరిస్థితి వేరు కదా అని ఆ తేడాని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ మేలు కాస్తా నిలవలేదు. డేటా అదే, మోడల్ మారింది, అంతే! పైగా ఆ ట్రయల్స్ నాణ్యత కూడా అంతంతమాత్రమే.

2018లో థాయ్‌లాండ్ వాళ్ళు 600 మందికి పైగా ముదిరిన అపెండిసైటిస్ రోగుల మీద పెద్ద ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. చర్మాన్ని వెంటనే కుట్టినవాళ్ళలో పైగాయానికి చీము పట్టింది 7.3 శాతం మందికి, ఆగి కుట్టినవాళ్ళలో 10 శాతం మందికి. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, అంచేత వెంటనే కుట్టడమే గొప్పని చంకలు గుద్దుకోలేం. ఆగడం వల్ల లాభం మాత్రం కనబళ్ళేదు, ఖర్చు ఎక్కువైంది. అదీ అపెండిక్స్ సంగతి. పెద్దపేగు చిల్లిపడి రోజులు గడిచాక వచ్చిన కేసుకి ఇదే అంకె అంటగట్టడం నాకైతే సమ్మతం కాదు. అక్కడ ఇప్పటికీ గాయాన్ని చూసి తేల్చాల్సింది సర్జనే.