ఎక్స్‌రేకి అందని బీట



లోకం అబ్బురపడి చూసిన తొలి ఎముక బొమ్మ ఏ మహావీరుడిదో కాదు, ఒక ఇల్లాలి చేతిది. 1895 డిసెంబరు 22న జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు తన భార్య బెర్తా చేతిని ఫోటోపలక మీద పెట్టించి, పావుగంటసేపు కదలనివ్వకుండా ఎక్స్‌రే తీశాడు. వేళ్ళ ఎముకలూ, వేలికున్న ఉంగరమూ నీడల్లా పడ్డాయి. ఆవిడ హడలిపోయిందంటారు. పోదూ మరి!

అప్పట్నుంచీ మనకొక నమ్మకం పాతుకుపోయింది. ఫోటోలో కనపడలేదంటే ఎముక విరగలేదని. తుంటి దగ్గర మాత్రం ఈ నమ్మకం కొంప ముంచుతుంది.

నాగర్‌కర్నూలు జిల్లా తెలకపల్లిలో డెబ్బయ్యేళ్ళ పెద్దావిడ తెల్లవారుజామున సాన్పు చల్లిన వాకిట్లో జారి, పక్కకి పడిందనుకోండి. కాలు వంకర తిరగలేదు, పొట్టి కాలేదు. ఎక్స్‌రే తీయిస్తే బాగానే ఉందన్నారు. ఇంకేముంది, “బెణికుంటది, నడువవ్వా, నడిస్తేనే సర్దుకుంటది” అని చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తారు. ఒకరు నూనె మర్దన అంటారు, ఇంకొకరు పుత్తూరు కట్టు అంటారు. అంత కండ కింద, అంత లోతున ఉన్న కీలుని ఏ కట్టు పట్టి ఉంచగలదు చెప్పండి? వారం తిరక్కుండా ఆవిడ అడుగు వేయబోయి కూలబడుతుంది. ఈసారి ఎక్స్‌రేలో ముక్కలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి రోజు కనపడనిది ఇప్పుడెలా కనపడింది? సన్నగా బీటపడిన కుండని గుర్తు చేసుకోండి. చూపుకి నిండుగానే ఉంటుంది, నీళ్ళు పోస్తే గాని గుట్టు బయటపడదు. ఎక్స్‌రే అంటే నీడే కదా. బీట విచ్చుకోకపోతే నీడలో గీత పడదు. ముట్లుడిగాక మన ఆడవాళ్ళ ఎముకలు గుల్లబారతాయి, వాటి నీడే పలచన. తుంటి విరిగినవాళ్ళలో నూటికి రెండు మొదలు పదిమంది దాకా తొలి ఎక్స్‌రేలో ఇలా తప్పించుకుపోతారని వైద్యులు లెక్కగట్టారు.

బీట కదలకముందే తెలిస్తే, చాలామందికి మరలు బిగించి ఎముకను నిలబెడతారు. కదిలిందా, తొడ ఎముక తలకాయకి రక్తం తెచ్చే సన్నని నాళాలు తెగిపోవచ్చు. అప్పుడు కీలే మార్చాల్సి వస్తుంది.

ఎముకల ఎక్స్‌రే చదవడంలో మన తెలుగువారిలో పేరు మోసినవారు డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివి, అమెరికాలో చాలా ఏళ్ళు పనిచేశారు. 1980లలో హైదరాబాదు వచ్చి నిమ్స్ డైరెక్టరయ్యారు. ఆ నిమ్స్ ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రే, అంటే ఎముకల ఆసుపత్రి! ఆయన 2021లో కన్నుమూశారు. అంతటి నిపుణులు చదివినా, నీడలో పడని బీట నీడలో దొరకదు. అందుకే వేరే దారులు వెతకాల్సి వచ్చింది.

1971లో అమెరికాలో సుబ్రమణియన్, మెకాఫీ అనే ఇద్దరు ఎముకను పట్టుకుని ఉండే టెక్నీషియం మందు తయారుచేశారు. దాన్ని నరంలోకి ఎక్కిస్తే, ఎముక అతుక్కునే పని ఎక్కడ జరుగుతోందో అక్కడ పోగవుతుంది. పెద్దవాళ్ళలో ఆ పని మొదలవడమే ఆలస్యం, ఒక్కోసారి మూడు రోజులు ఆగాలి. నొప్పితో ఉన్న మనిషికి మూడు రోజులంటే మాటలా!

ఆ తర్వాత వచ్చింది ఎమ్మారై. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. పెద్ద అయస్కాంతం మధ్య పడుకోబెట్టి ఒంట్లోని నీటి జాడని బట్టి బొమ్మ గీస్తుంది. ఎముక చిట్లితే లోపల మూలుగలో చెమ్మ చేరుతుంది. కుండ బీటని తడిని చూసి పోల్చుకున్నట్టే! తుంటిలో దాగిన విరుపుల్ని ఇది పట్టిస్తుందని 1989లో లాస్ ఏంజిలిస్ వైద్యులు డాయిష్, మింక్, వాక్స్‌మన్ ప్రకటించారు. 2011లో ఇంగ్లండు వైద్య నిబంధనల్లోనే రాశారు: అనుమానం ఉండి ఎక్స్‌రేలో కనపడకపోతే ఎమ్మారై తీయాలి, అది ఒక రోజులోగా కుదరకపోతే సీటీ స్కాను ఆలోచించాలి అని.

పడ్డ మనిషి కాలు ఆనించలేకపోతున్నా, గజ్జలో నొప్పి అంటున్నా, పాదం కొద్దిగా తిప్పితే కేక పెడుతున్నా, నడిపించకండి. “ఎక్స్‌రేలో లేదన్నారు, ఇంకో పరీక్ష అక్కర్లేదా డాక్టరుగారూ?” అని అడగండి. నాగర్‌కర్నూలులో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అక్కడికో, హైదరాబాదుకో తీసుకెళ్ళేటప్పుడు మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య ఇరికించకుండా పడుకోబెట్టి తీసుకెళ్ళండి. పాత ఫిలిం వెంట ఉంచండి. గుండెకి పేస్‌మేకరు ఉంటే ముందే చెప్పాలి.

ఎమ్మారై గదిలోకి ఒంటిమీద లోహంతో పోనివ్వరు. మట్టెలు, ముక్కుపుడక సరే, పుస్తెలు తీయమంటే పెద్దావిడ మొరాయిస్తుంది. గదిముందు వాదన పెట్టుకోకుండా, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి సంచిలో వేసుకోండి.