గాలం వాళ్లది, దారి మనది: సరదా చేపల వేటలో గిరిజనుల చరిత్ర

జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డు నుంచి మాదాపూర్ వైపు పోతే తీగల వంతెన వస్తుంది. 2020 సెప్టెంబరులో దాన్ని ప్రారంభించారు. దాని కింద ఉన్నది దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు అందించిన చెరువు అది. చుట్టూ రాతి గుట్టలు ఉండి బయటివాళ్ల కంట పడేది కాదు కాబట్టి దానికి రహస్య చెరువు అన్న పేరు కూడా వచ్చింది. ఇప్పుడు దాని చుట్టూ అద్దాల మేడలు, రాత్రయితే రంగుల దీపాలు. చదువుకో కొలువుకో నగరానికి వచ్చిన మన పిల్లలు ఆ వంతెన మీద ఫోటోలు దిగుతున్నారు. సంతోషమే. అయితే మన సావనీరు చదివే యువతను ఒక్క మాట అడగాలని ఉంది. ఒక నీటిలో చేప ఎక్కడ పడుకుంటుందో, ఏ వేళకు మేతకు లేస్తుందో తెలిసిన మనిషికి చరిత్రలో ఏ స్థానం దక్కింది?

సెలవు దొరికినప్పుడు పడవను, గైడును అరపూటకు మాట్లాడుకుని గాలంతో పెద్ద చేపను పట్టడం ప్రపంచమంతటా ఉన్న సరదా. దీన్ని గేమ్ ఫిషింగ్ అంటారు. కూర కోసం కాదు, చేపతో పెనుగులాట కోసం వెళతారు. చాలామంది పట్టిన చేపను తూకం వేసి, ఫోటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఈ సరదా మన దేశానికి ఎలా వచ్చింది, అందులో మనవాళ్ల పాత్ర ఏమిటి, రేపు మన నీళ్లలోకి వస్తే మనం ఎక్కడ నిలబడాలి అన్నదే ఈ వ్యాసం.

కొండ పేరు మనది

ముందు ఈ గుట్టల సంగతి. జూబ్లీహిల్స్ పక్కనే బంజారాహిల్స్ ఉంది. అక్కడ ఒకప్పుడు బంజారాలు, అంటే మన లంబాడీ సోదరులు, నివసించేవారు. 1930ల్లో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆ తరువాత పెద్దల ఇళ్లు వరసగా లేచాయి. మనుషులు పోయారు, పేరు మిగిలింది. 1960ల్లో చల్లగళ్ల నరసింహారావు గారి చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాదుకు తరలి వస్తున్నకొద్దీ స్టూడియోలు కూడా ఈ గుట్టలకే చేరాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. ఆ తరువాత ఫిల్మ్‌నగర్ వెలిసింది.

స్థలం ఒకరిది, పేరు ఒకరిది, లాభం మరొకరిది అయ్యే తీరు ఈ కొండలకే పరిమితం కాదు. నీళ్లలో కూడా అదే జరిగింది.

సరదా వేట ఎలా వచ్చింది

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం అచ్చు వేయించాడు. భారతదేశపు నదుల్లో గాలం వేయడం ఎలాగో తెల్లవాళ్లకు నేర్పిన పుస్తకం అది. మన దేశపు మహసీర్ చేప వాళ్ల దేశపు సాల్మన్ కంటే గట్టిగా పోరాడుతుందని ఆయన వాదించాడు. 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని చెరువుల్లో గాలపు వేట గురించి ఇంకో పుస్తకం తెచ్చాడు. తెల్లదొరలు సెలవుల్లో నదుల మీదికి బయలుదేరారు.

దొరకు ఇంగ్లండు నుంచి తెప్పించిన గాలపు కర్ర ఉంది. కానీ ఏ మడుగులో చేప ఉందో తెలియదు. అది తెలిసినవాళ్లు ఒడ్డున బతికే బెస్తలు, అడవిలో బతికే గిరిజనులు. మన ప్రాంతంలో వేటకు దారి చూపేవాడిని షికారీ అనేవారు. పడవ తోయడం, ఎర పట్టుకురావడం, రాళ్లు ఎక్కడున్నాయో చెప్పడం, చేప తగిలాక పడవను ఏ వైపు తిప్పాలో చూడడం అతని పని.

1946లో మైసూరు దగ్గర కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌండ్ల మహసీర్‌ను పట్టాడు. అంటే సుమారు 54 కిలోలు. గాలపు వేటగాళ్లు ఇప్పటికీ చెప్పుకునే రికార్డు అది. రికార్డు పట్టీలో పట్టినవాడి పేరు, చేప బరువు, నది పేరు ఉంటాయి. పడవ నడిపేవాడి పేరుకు అందులో గడి ఉండదు.

గైడుకు తెలిసిన విద్య

అరపూట వేట అని ఎందుకంటారో ఆలోచించారా? డబ్బులకు సంబంధించిన లెక్క కొంత ఉంది. అసలు లెక్క నీటిది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. మన ఎండలకు మిట్టమధ్యాహ్నం పెద్ద చేపలు లోతుకు, నీడకు పోతాయి. తెల్లవారుజామున, పొద్దు వాలాక మేతకు వస్తాయి. అందుకే చీకటితో బయలుదేరి ఎండ ముదరకముందే ఒడ్డు చేరతారు. వేడి నీళ్లలో ఎక్కువసేపు పెనుగులాడిన చేపను వదిలినా బతకడం కష్టం. ఇది ఇప్పుడు సైన్సు పుస్తకాల్లో ఉంది. తాతలు దీన్ని పుస్తకం లేకుండానే పాటించారు.

ఇంకో ఉదాహరణ కొర్రమీను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. కొర్రమీను గాలి పీల్చే చేప. కొంతసేపటికోసారి పైకి వచ్చి గుటక వేసి పోతుంది. ఆ గుటక చప్పుడు, నీటి మీద లేచే సుడి చూసి చేప ఎంతటిదో చెప్పగల పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా, గుంపుగా నీటి పైపైన తిరుగుతాయి. తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. పిల్లల జోలికి ఏది వచ్చినా మీద పడతాయి కాబట్టి ఆ సమయంలో వాటిని పట్టడం తేలిక. అలా పడితే పిల్లలన్నీ ఇతర చేపల నోట పడతాయి. ఎక్కడ గాలం వేయాలో తెలియడం సగం విద్య. ఎక్కడ వేయకూడదో తెలియడం మిగతా సగం.

చట్టం ఎవరిని దొంగను చేసింది

సరదా వేట పెరిగేకొద్దీ నదుల్లో చేపలు తగ్గుతున్నాయన్న ఆందోళన కూడా దొరల్లో మొదలైంది. ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు దేశమంతా తిరిగి మంచినీటి చేపల మీద 1873లో నివేదిక ఇచ్చాడు. సన్న కన్నుల వలలు, చెట్ల మందులతో చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతులు నష్టం చేస్తున్నాయని చెప్పాడు. చివరకు 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్లలో డైనమైట్ పేల్చడం, విషం కలపడం రెండూ నేరాలయ్యాయి. అంతకుముందే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో వేటను, చేపలు పట్టడాన్ని సర్కారు నియమాల కిందికి తెచ్చింది.

ఇక్కడ మనం నిదానంగా ఆలోచించాలి. డైనమైట్ నష్టమే, సందేహం లేదు. కానీ ఎండాకాలంలో వాగు ఎండి మిగిలిన మడుగులో ఊరంతా కలిసి చెట్టు బెరడో కాయో దంచి వేసి పట్టుకున్న కూరనూ, బయటి కాంట్రాక్టరు పేల్చిన మందుగుండునూ చట్టం పక్కపక్కనే పెట్టింది. దొర గాలం వేస్తే అది క్రీడ. మన తాత అదే మడుగులో కూర తెచ్చుకుంటే అది నేరం. ఈ తేడా చేప కోసం పుట్టింది కాదు, నీరు ఎవరిదన్న చోట పుట్టింది.

అలాగని ఈ రోజు కొన్ని చోట్ల పొలాల పురుగుమందు తెచ్చి వాగులో కలుపుతున్నదాన్ని సంప్రదాయం అనలేం. అది చేపతోపాటు కప్పనూ పీతనూ చంపుతుంది, దిగువ ఊరి తాగునీటిని చెడగొడుతుంది. యువత దీన్ని ఆపాలి.

గోదావరి ఒడ్డున

భద్రాచలం దగ్గర గోదావరికి ఒక ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, రెండో ఒడ్డు నిజాం రాజ్యం. మధ్యలో నీళ్లు మాత్రం కొండరెడ్లకు, కోయలకు ఒక్కటే. వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉండి చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మధ్య పరిశోధన చేశాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' 1945లో వచ్చింది. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలు. పోడు వ్యవసాయం చేసుకునే రెడ్లు వెదురు, కలప వ్యాపారుల కింద కూలీలుగా ఎలా చిక్కుకున్నారో ఆ పుస్తకం రాసింది. అడవి తెలిసినవాడు అడవిలోనే కూలీ అయ్యాడు.

తరువాత సినిమా వచ్చింది. 1964లో 'మూగ మనసులు' చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు గారు గోదావరిపై పడవ నడిపేవాడుగా నటించారు. 1973లో 'అందాల రాముడు', 2006లో 'గోదావరి' పడవ ప్రయాణాన్నే కథగా చేసుకున్నాయి. ఈ సినిమాల వల్ల పాపికొండల అందం తెలుగువాళ్లందరికీ తెలిసింది, పర్యాటకులు పెరిగారు. తెర మీద నది కనిపించింది. నది ఒడ్డు ఊళ్ల మనుషులు అంతగా కనిపించలేదు.

వాళ్లు కనిపించిన రోజు ఒకటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. ప్రాణాలతో బయటపడింది 26 మంది. ఒడ్డున ఉన్న గ్రామస్తులు నాటు పడవలు వేసుకుని సుడుల్లోకి వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చారు. మునిగిన బోటును అక్టోబరు 22న బయటికి తీసింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. వాళ్లదీ పుస్తకాల చదువు కాదు, నీటి మీద బతికి నేర్చుకున్న విద్య. నది తెలిసినవాడి మాటకు విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

కావేరి నేర్పిన పాఠం

గైడులకు మేలు జరిగిన చోటు కూడా ఉంది. 1977లో బ్రిటిష్ యువకుల బృందం ఒకటి మహసీర్‌ను వెతుక్కుంటూ మన దేశానికి వచ్చింది. ఆ తరువాత కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి, గాలిబోరె వంటి చోట్ల వేట శిబిరాలు వెలిశాయి. పట్టిన చేపను వదిలేయాలన్నది నియమం. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లే గైడులుగా, కాపలాదారులుగా మారారు. బతికున్న చేప రోజూ కూలి తెస్తుంటే దాన్ని ఎవరు చంపుకుంటారు?

కానీ 2010 తరువాత అభయారణ్యాల్లో గాలపు వేట వన్యప్రాణి చట్టానికి విరుద్ధమని శిబిరాల్లో వేట ఆపేశారు. గైడుల జీవనం పోయింది. నది మీద వాళ్లకు ఉన్నది ఉద్యోగమే, హక్కు కాదు. ఉద్యోగం ఇచ్చినవాడు వెళ్లిపోతే అది కూడా పోతుంది. ఇంకో సంగతి. మహసీర్లను పెంచుదామని 1970ల నుంచి వేరే నదీ ప్రాంతపు రకాన్ని కావేరిలో వదిలారు. మంచి ఉద్దేశమే. ఆ కొత్త రకం పెరిగింది, కావేరి సొంత మూపురపు మహసీర్ తరిగిపోయింది. 2018లో దాన్ని తీవ్రంగా అంతరిస్తున్న జాతిగా ప్రపంచ జాబితాలో చేర్చారు.

మన చేతిలో ఉన్నది

పోలవరం కట్టడంతో పాపికొండల నడుమ పారే గోదావరి జలాశయంగా మారుతోంది. కోయ, కొండరెడ్ల ఊళ్లు కదిలిపోతున్నాయి. పారే నీటిని కోరే చేపలకు చోటు తగ్గుతుంది, నిలవ నీటి చేపలు పెరుగుతాయి. నిలవ నీరు ఉన్న చోటికి రిసార్టులు, బోట్లు, అరపూట చేపల వేట ప్యాకేజీలు వస్తాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల నుంచి కార్లు వస్తాయి. రావద్దని మనం అనం. మన ఊరికి వచ్చినవాళ్లకు మర్యాద చేయడం మన ఆచారం. వాళ్లు ఎవరి అనుమతితో వచ్చారు, రుసుము ఎవరికి కట్టారు అన్నదే ప్రశ్న.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) నీటి వనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. దీనికి ఫారం-బి నింపి గ్రామసభలో పెట్టాలి. గ్రామసభ తీర్మానం తరువాత దరఖాస్తు డివిజన్ స్థాయి, జిల్లా స్థాయి కమిటీలకు పోతుంది. ఇంటి పోడు భూమి కోసం ఫారం-ఎ వేసిన ఊళ్లు కూడా వాగు కోసం, మడుగు కోసం ఫారం-బి వేయాలన్న సంగతి మరిచిపోతున్నాయి. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. ఈ రెండు చట్టాలు తెలిసిన పిల్ల ఊరికి ఒక్కరున్నా చాలు.

హాస్టళ్లలో పిల్లల మధ్య ఉండే మేము ప్రతి సెలవులకూ ఒక పని చెప్పదలిచాం. ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. అవ్వను, తాతను, మామను వాగు దగ్గరికి తోడు తీసుకుపోయి అడగండి. ఏ మడుగు పేరేమిటి, ఏ చేపను మన భాషలో ఏమంటారు, తొలకరికి ఏవి ఎదురెక్కుతాయి, ఏ నెలలో ఎక్కడ పట్టకూడదు? తేదీ వేసి, చెప్పినవారి పేరుతో సహా రాయండి. ఫారం-బికి పెద్దల వాంగ్మూలం సాక్ష్యంగా పనికొస్తుంది. అది మన చరిత్ర పుస్తకం కూడా అవుతుంది.

రేపు మన నీళ్లలో అరపూట వేటకు పడవ కదిలితే దాన్ని నడిపేది మన తమ్ముడో చెల్లెలో కావచ్చు. ఆ పడవ గ్రామసభది కావాలి, రసీదు మీద గ్రామసభ పేరు ఉండాలి, చేప బరువు రాసే పుస్తకంలో దారి చూపినవారి పేరు మొదటి గడిలో ఉండాలి.