క్రిమ్సన్ రాజు కొలువు

1967లో ఇంగ్లండు దక్షిణ తీరంలో మైకేల్ జైల్స్, పీటర్ జైల్స్ అనే అన్నదమ్ములకు తమ బృందంలోకి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఆర్గన్ వాయించాలి, పాడాలి కూడా. ఆ సంగతి విని వచ్చిన కుర్రాడికి ఆర్గన్ రాదు, పాటా రాదు. చేతిలో గిటారు మాత్రం ఉంది. పేరు రాబర్ట్ ఫ్రిప్, వయసు ఇరవైయొకటి. అన్నదమ్ములు అతన్నే చేర్చుకున్నారు. యాభై ఏళ్లకు పైగా సాగిన కింగ్ క్రిమ్సన్ కథ అలా కోరిందొకటి, దొరికిందొకటిగా మొదలైంది.

ముగ్గురూ లండన్ చేరి 1968లో ఒక ఆల్బమ్ వేశారు. కొన్నవాళ్లు పెద్దగా లేరు. కానీ ఆ చిన్న గుంపులోకి ఇయాన్ మెక్‌డొనాల్డ్ వచ్చాడు. శాక్సఫోన్, ఫ్లూటు, కీబోర్డు ఏది ఇచ్చినా వాయించేవాడు. పాటలు రాసే మిత్రుడు పీటర్ సిన్‌ఫీల్డ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. పీటర్ జైల్స్ తప్పుకుంటే, ఒకప్పుడు ఫ్రిప్‌కు గిటారు నేర్పిన గురువు దగ్గరే నేర్చుకున్న గ్రెగ్ లేక్ ఆ చోటికి వచ్చాడు. అతనూ గిటారిస్టే. బేస్ పట్టుకోమంటే పట్టుకున్నాడు, పాట బాధ్యతా తలకెత్తుకున్నాడు. 1969 జనవరి 13న లండన్‌లో ఫుల్హమ్ ప్యాలెస్ రోడ్డు మీది ఒక కెఫే నేలమాళిగలో సాధన మొదలైంది. పేరు సిన్‌ఫీల్డ్ రాసిన పాటలోంచే వచ్చింది. క్రిమ్సన్ అంటే చిక్కని ఎరుపు.

అప్పటికి బ్రిటన్‌లో రాక్ సంగీతం మూడు నిమిషాల పాట నుంచి బయటపడే దారి వెతుక్కుంటోంది. బీటిల్స్ ఆల్బమ్‌ను విడి పాటల మూటగా కాక ఒకే రచనగా వినిపించారు. జాజ్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, చర్చి గీతాలు వింటూ పెరిగిన కుర్రాళ్లు వాటన్నిటినీ ఎలక్ట్రిక్ గిటార్ల మధ్యకు లాక్కొచ్చారు. ప్రోగ్రెసివ్ రాక్ అని పిలుస్తున్నది దీన్నే. ఆ తోవలో చాలామంది నడుస్తున్నారు. అది ఎంత దూరం పోగలదో ఒక్కసారిగా చూపించింది మాత్రం ఈ ఐదుగురు.

ఏప్రిల్‌లో లండన్‌లోని స్పీకీజీ క్లబ్బులో తొలి కచేరీ. మూడు నెలలు తిరక్కముందే, జులై 5న, హైడ్ పార్కులో లక్షలాది జనం ముందు నిలబడ్డారు. రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీ అది. ఆ బృందాన్ని స్థాపించిన బ్రయన్ జోన్స్ చనిపోయి రెండు రోజులే అయింది. జనం వచ్చింది స్టోన్స్ కోసం. ఇంటికి వెళ్లేటప్పుడు చాలామంది నోట కింగ్ క్రిమ్సన్ పేరు కూడా ఉంది.

అక్టోబరు 10న విడుదలైన తొలి ఆల్బమ్, ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్, బ్రిటన్ జాబితాలో ఐదో స్థానానికి చేరింది. ఉన్నవి ఐదే పాటలు, నిడివి దాదాపు నలభై నాలుగు నిమిషాలు. పేరున్న నిర్మాతతో మొదలుపెట్టిన రికార్డింగు నచ్చక పక్కన పడేసి, తమంతట తామే చేసుకున్నారు. అట్ట మీద బ్యాండు పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. అట్ట నిండా నోరు తెరిచి అరుస్తున్న ముఖం. దాన్ని గీసినవాడు బారీ గాడ్బర్, వృత్తికి కంప్యూటర్ ప్రోగ్రామర్. అద్దంలో తన ముఖమే చూసుకుంటూ గీశాడంటారు. ఆల్బమ్ వచ్చిన నాలుగు నెలలకే, ఇరవై నాలుగేళ్లకే పోయాడు.

ఆ రికార్డులో పెద్ద వాద్యబృందం ఉన్నట్టు వినిపించే చోట నిజానికి ఉన్నది ఒక పెట్టె. పేరు మెల్లోట్రాన్, పుట్టినిల్లు బర్మింగ్‌హామ్. చూడ్డానికి ఆర్గన్‌లాగే ఉంటుంది, లోపల మాత్రం ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క. ముందే ఫిడేళ్లనో ఫ్లూట్లనో ఒక్కో స్వరం చొప్పున వాయించి ఆ ముక్కల మీదికి ఎక్కించి ఉంచుతారు. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. ఎనిమిది సెకన్లలో టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే దాని మీద స్వరాన్ని ఎంతసేపంటే అంతసేపు సాగదీయడం కుదరదు. పైగా కరెంటు అటూ ఇటూ అయితే శ్రుతీ అటూ ఇటూ అయ్యేది. ఈ చాదస్తపు పెట్టెతోనే వాళ్లు ఆ రాజదర్బారు ఠీవిని పలికించారు. ఆ స్వరాల అడుగున వినిపించే సన్నటి వణుకు కూడా ఆ టేపుదే.

ఇంత పేరొచ్చిన బృందం ఏడాది నిండకుండానే చీలింది. 1969 డిసెంబరులో, అమెరికా పర్యటన చివర, మెక్‌డొనాల్డ్, మైకేల్ జైల్స్ వెళ్లిపోతామన్నారు. మీరు ఉంటామంటే నేనే పోతానన్నాడు ఫ్రిప్. ఈ సంగీతం మాకంటే నీకే దగ్గర, నువ్వే ఉండు అన్నారు వాళ్లు. 1970లో లేక్ కూడా వెళ్లి ఎమర్సన్, లేక్ అండ్ పామర్‌లో చేరాడు.

తర్వాతి రెండేళ్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. గాయకుడి కోసం జరిపిన పరీక్షకు వచ్చి ఎంపిక కానివాళ్లలో బ్రయన్ ఫెర్రీ ఉన్నాడు. రాక్సీ మ్యూజిక్‌తో అతను వెలిగింది ఆ తర్వాతే. పాడటానికి తీసుకున్న బాజ్ బరెల్‌కు బేస్ దగ్గరుండి నేర్పించారు. అతను ఆ విద్యతోనే బ్యాడ్ కంపెనీ బృందంలో స్థిరపడ్డాడు. మెక్‌డొనాల్డ్ ఫారినర్ బృందం స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఫ్రిప్ సాగనంపిన సిన్‌ఫీల్డ్ పాప్ పాటల రచయితై బ్రిటన్ జాబితా శిఖరాన్ని తాకాడు. ఈ కొలువు విడిచినవాళ్లలో ఇంకోచోట రాణించినవాళ్లే ఎక్కువ.

1972లో ఫ్రిప్ అన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. యెస్ బృందం మంచి ఊపు మీదున్నప్పుడే దాన్ని వదిలేసి బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్ మీదికొచ్చాడు. బేస్, గాత్రం జాన్ వెట్టన్. వయొలిన్ డేవిడ్ క్రాస్. గొలుసులు, రేకులు, ఈలలు, చేతికందినదల్లా వాయించే జేమీ మ్యూర్ ఒకడు. మ్యూర్ ఒక్క ఆల్బమ్ చేసి, 1973లో స్కాట్లండ్‌లోని బౌద్ధ మఠానికి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్ల సంగీతం రానురాను బరువెక్కింది. తొలినాటి రాజసం పోయి ఇనుము మోగింది. 1974లో తయారైన రెడ్ ఆల్బమ్ దాని పరాకాష్ఠ. అది దుకాణాలకు చేరకముందే, సెప్టెంబరులో, కింగ్ క్రిమ్సన్ ముగిసిందని ఫ్రిప్ ప్రకటించేశాడు. ఆధ్యాత్మిక బోధకుడు గురజీఫ్ శిష్యుడు జె. జి. బెన్నెట్ స్థాపించిన ఆశ్రమం లాంటి విద్యాలయంలో కొన్నాళ్లు గడిపాడు. 1977లో డేవిడ్ బోవీ హీరోస్ పాటలో ఆగకుండా సాగే గిటారు నాదం మాత్రం అతనిదే.

1981లో కొత్త బృందం కట్టి డిసిప్లిన్ అని పేరు పెట్టాడు. సాధన జరుగుతుండగా, ఇది కింగ్ క్రిమ్సనే అనిపించి పాత పేరు తెచ్చాడు. బ్రూఫర్డ్ తోడుగా ఇద్దరు అమెరికన్లు వచ్చారు. ఏడ్రియన్ బెల్యూ గిటారుతో ఏనుగు ఘీంకారం పలికించగలడు. టోనీ లెవిన్ చేతిలో పది తీగల చాప్‌మన్ స్టిక్, దాన్ని రెండు చేతుల వేళ్లతో తడుతూ వాయిస్తాడు. మెల్లోట్రాన్ లేదు, దర్బారూ లేదు. ఇండొనేసియా గమెలాన్ వాద్యాల్లా రెండు గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకుంటాయి. ఒక పాటలో రెండూ ఏడక్షరాల వరుసనే తిప్పుతుంటాయి. మన మిశ్రచాపు తెలిసిన చెవికి ఆ నడక కొత్తేమీ కాదు. ఉన్నట్టుండి ఒక గిటారు ఒక అక్షరం వదిలేస్తుంది. అక్కణ్ణుంచి రెండూ కొంచెం కొంచెంగా ఎడమవుతూ పోయి, తిరిగి తిరిగి మళ్లీ ఒకచోట కలుసుకుంటాయి. మూడు ఆల్బమ్‌లు చేసి 1984లో అదీ ఆగింది.

1994లో ఆరుగురితో మళ్లీ లేచింది: ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరు బేస్ వాయించేవాళ్లు, ఇద్దరు డ్రమ్మర్లు. 2003 తర్వాత మళ్లీ సన్నగిల్లింది. 2010లో కాన్యే వెస్ట్ పవర్ పాటలో తొలి ఆల్బమ్ తొలి పాట ముక్క ఒకటి వినిపించి, అసలు బృందం పేరే ఎరగని తరానికి ఆ కేక చేరింది. 2014లో ఏడుగురితో కచేరీలు మొదలయ్యాయి. ముగ్గురు డ్రమ్మర్లు ముందు వరసలో, ఫ్రిప్ వెనక గట్టు మీద తన స్టూలుపై. గాయకుడు జాకో జాక్‌జిక్ 1971లో కుర్రాడిగా ఇదే బృందాన్ని చూసి మైమరచినవాడు.

ఇన్నేళ్లలో వచ్చిపోయినవాళ్లు ఇరవైమందికి పైనే. అన్ని దశల్లోనూ ఉన్నది ఫ్రిప్ ఒక్కడే. అయినా ఇది నా బ్యాండు అని అతను ఒప్పుకోడు. కింగ్ క్రిమ్సన్ అంటే ఒక పని చేసే తీరు అంటాడు. ఆ మాట వెళ్లిపోయినవాళ్లు కొందరికి రుచించకపోవచ్చు. ఎవరిని ఉంచాలో, ఎప్పుడు ఆపాలో చాలాసార్లు తేల్చింది అతనే కదా. కానీ అతను తేల్చిన తీరు గమనించాల్సిందే. గెలిచిన పద్ధతిని పట్టుకుని వేలాడటం ఈ బృందానికి చేతకాలేదు. ఒక తీరు బాగా కుదిరిందంటే, ఇక దాన్ని వదిలే వేళ అయిందన్నమాటే.

2021 డిసెంబరు 8న, టోక్యో. చివరి కచేరీలో చివరి పాట స్టార్‌లెస్. వెట్టన్ ఈ బాణీ మొదట తెచ్చినప్పుడు ఫ్రిప్, బ్రూఫర్డ్ పెదవి విరిచారు. 1974 మొదట్లో వచ్చిన ఆల్బమ్‌లో చోటివ్వలేదు. రెడ్‌కు వచ్చేసరికి మళ్లీ తీసి పన్నెండు నిమిషాల పాటగా పెంచారు. పాట నడుమ గాత్రం ఆగిపోతుంది. ఫ్రిప్ గిటారు ఒకే స్వరాన్ని పట్టుకుని మీటుతూ ఉంటుంది. కింద బేస్ పాములా కదులుతుంది, డ్రమ్స్ కొద్దికొద్దిగా మంట పెంచుతాయి. వెట్టన్ పోయి అప్పటికి నాలుగేళ్లు దాటింది. అతని పాటను జాకో పాడాడు. చివరి ఏళ్ల కచేరీల్లో మామూలుగా దీపాలు మారేవి కావు. ఈ ఒక్క పాటకే వేదికంతా మెల్లగా ఎర్రబడేది.