బీడీ ముట్టని మామ్మకు ఈ జబ్బు ఎలా వచ్చింది?



మన ముమ్మిడివరం వైపు ఏ పేటకు వెళ్లినా నాలుగడుగులకే ఆయాసపడే మామ్మలు కనబడతారు. కొందరికి సాయంత్రానికి కాళ్లు వాచిపోతాయి. "వయసు మీద పడింది" అంటారు ఇంట్లోవాళ్లు. "ఉబ్బసం" అంటాడు ఆర్‌ఎంపీ. దీని వెనుక ఉన్న చరిత్ర మాత్రం ఎవరూ చెప్పరు.

ఏళ్ల తరబడి పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లో సన్నటి గాలి గొట్టాలు బిగుసుకుపోతాయి. గాలి గదులు చితికిపోతాయి. దీన్నే సీఓపీడీ అంటారు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాటిలోకి రక్తం నెట్టలేక గుండె కుడిభాగం ఉబ్బి అలసిపోతుంది. అప్పుడు కాళ్లకు నీరు దిగుతుంది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరు కార్ పల్మొనేల్.

1959లో ఢిల్లీలో డాక్టర్ ఎస్. పద్మావతి, ఎస్.ఎన్. పాఠక్ ఇలాంటి 127 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 'సర్క్యులేషన్' పత్రికలో వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా పొగతాగే మగవాళ్ల జబ్బు. ఢిల్లీలో ఆడవాళ్లకూ దాదాపు మగవాళ్లతో సమానంగా ఉంది. ఆ ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు చాలా తక్కువ. మరి పొగ ఎక్కడిది? వేళ్లు పిడకల పొయ్యి వైపు చూపించాయి.

ఇక్కడే కులం వస్తుంది. కొబ్బరితోట ఒకరిది. రాలిన మట్ట, ఒలిచిన డొక్క మన పొయ్యిలోకి. ఇళ్ల స్థలం రెండు సెంట్లయితే వంటకు వేరే గది ఎక్కడిది? వండేదీ, పడుకునేదీ, పసిపిల్లను పెంచేదీ ఆ ఒక్క గదిలోనే. భూమి పంపకంలో జరిగిన అన్యాయం ఊపిరితిత్తుల్లోకి దిగింది.

1959లోనే హెచ్చరిక వచ్చింది. మన రాష్ట్రంలో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు మొదలైంది 1999లో. మధ్యలో 40 ఏళ్లు! ఉజ్వల 2016లో వచ్చింది. కనెక్షన్ ఉన్నా, సిలిండర్‌కు డబ్బుల్లేని నెల మళ్లీ మట్టలే. పైగా చితికిన గాలి గదులు గ్యాస్ వచ్చినంత మాత్రాన తిరిగి రావు.

అలాగని చేతులెత్తేయనక్కర్లేదు. 1981లో బ్రిటన్‌లో వెలువడిన ట్రయల్‌లో, ఆక్సిజన్ బాగా తగ్గిన 87 మంది రోగులున్నారు. రోజుకు కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో ఐదేళ్లలో 19 మంది చనిపోయారు. తీసుకోని 45 మందిలో 30 మంది. అంటే ఆయుష్షు పెంచే దారి ఉంది. ఆ మిషన్, దాన్ని నడిపే కరెంటు ఎవరింట్లో ఉన్నాయన్నదే ప్రశ్న.

వైద్య విద్యార్థి మిత్రులారా, "బీడీ కాలుస్తావా?" అని అడిగి ఆగిపోకండి. "ఏ పొయ్యి మీద వండావమ్మా? ఎన్నేళ్లు వండావు? ఇంటికి గదులెన్ని?" అని కూడా అడగండి. జవాబు కేస్ షీటులో రాయండి. పేటల్లో పనిచేసే మిత్రులారా, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష, అవసరమైనవాళ్లకు ఇంటికే ఆక్సిజన్ ఇమ్మని అడుగుదాం. 2022లో జిల్లాకు బాబాసాహెబ్ పేరు వచ్చింది. ఆ పేరున్న జిల్లాలో మన అమ్మలకు ఊపిరి హక్కు కూడా రావాలి.

జై భీమ్!